బళ్ల లెక్కలు - పండుగ వేడుకలు

ఉన్నతపాఠశాలలందును కళాశాలలందును చదువుకొను మన బాలబాలికలచేత ఇప్పుడు విరివిగా వ్రాయించుచున్న ప్రాజెక్టు పత్రములలో రెండు విషయములు మాటిమాటికి కానవచ్చుచుండును. బళ్లలో చేరు పిల్లల సంఖ్య ఏయే సంవత్సరమున ఎట్లు హెచ్చినది, ఎట్లు తగ్గినది అనునది యొకటి. మన పండుగలు, జాతరలు, వాని ప్రాశస్త్యము అనునది రెండవది. మొదటిది సాంఘికశాస్త్రమువారి పాలబడినది. రెండవది తెలుగు పండితుల పాలబడినది. ఈ పత్రములు ఒకచోట పుట్టి పదిచోట్ల తిరుగుచున్నవి. ఒక విద్యార్థి వ్రాసినది వాట్సాపు మార్గమున తెల్లవారునప్పటికి జిల్లా దాటిపోవును. ఊరిపేరు మార్చి, అట్టమీద తన పేరు వ్రాసికొని, దానినే మరియొకడు సమర్పించును. వ్రాసినవాడెవడో తెలియని పత్రములు కొన్ని. వ్రాసినవాడే లేక కృత్రిమమేధ కూర్చియిచ్చినవి మరికొన్ని.

దీనినిగూర్చి పెద్దలు ఆగ్రహించుచున్నారు. పిల్లలు దొంగవ్రాతలకు మరిగిరను మాట ఉపాధ్యాయుల గదులలో తరచుగా వినవచ్చుచున్నది. ఆ యాగ్రహమున కొంత న్యాయము లేకపోలేదు. కాని ఒకరి చదువును మరియొకరు పంచుకొనుటయే నేరమనువారితో మేము ఏకీభవింపజాలము. తెలుగునాటి వీథిబళ్లలో చదువు సాగినది ఆ పంపకముమీదనే. ముందు నేర్చినవాడు వెనుక చేరినవానికి గుణింతము దిద్దించెడివాడు. పెద్దపిల్లలు ఎక్కములు చెప్పగా చిన్నపిల్లలు వల్లించెడివారు. అయ్యవారు ఒక్కరేయైనను బడి నడచుటకు ఈ యేర్పాటే యాధారము. చెన్నపట్టణమున సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు 1789లో అధ్యక్షుడైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు మన పిల్లలు ఇసుకలో వ్రాసికొని నేర్చుకొనుట చూచి, ఆ పద్ధతిని తన యాశ్రమమున ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు చెప్పించి, 1797లో లండనునందు ఆ ప్రయోగమునుగూర్చి యొక పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండు దానికి 'మద్రాసు పద్ధతి' యని పేరుపెట్టి తన బీదపిల్లల బళ్లలో వాడుకొనినది. అట్టి దేశమున పుట్టి, తోడివిద్యార్థికి తన వ్రాత చూపినవానిని దోషియనుట మాకు సమ్మతము కాదు. ఇచ్చుటకు తనదియని చెప్పదగినది ఒక్కటియు లేకుండుటయే మాకు దుఃఖకరముగ నున్నది.

ఆ పత్రములు తెరచి చూచినవారికి మా మాట బోధపడును. పిల్లల సంఖ్యనుగూర్చిన పత్రమున ప్రభుత్వ నివేదికనుండి ఎత్తిన పట్టిక యొకటి, రంగులు పూసిన రేఖాచిత్ర మొకటి, కారణములు మూడు, సూచనలు మూడు ఉండును. ఒక పిల్లవాడు ఉండడు. పండుగనుగూర్చిన పత్రమున పురాణకథ, పిండివంటల పేర్లు, సమైక్యతనుగూర్చి రెండు వాక్యములు ఉండును. ఒక ఊరు ఉండదు. బతుకమ్మ పత్రమున తంగేడు, గునుగు, బంతి, కట్ల వరుసగా పేర్కొనబడును. ఆ యేడు తమ యూరి చెరువు నిండినదా, తంగేడుపూవు కోయుటకు ఎంతదూరము పోవలసివచ్చినది అను మాట కానరాదు. సంక్రాంతి పత్రమున హరిదాసు తప్పక దర్శనమిచ్చును. ఆ విద్యార్థి యింటిముంగిటికి హరిదాసు వచ్చి ఎన్నేండ్లయినదో తెలియదు. చదువు లెక్కలనుండి బ్రతుకును, పండుగ ముచ్చటలనుండి లెక్కను వేరుచేసి, ఒకదానిని ఒక గంటలోను మరియొకదానిని మరియొక గంటలోను బోధించుటవలన కలిగిన ఫలమిది.

ఈ రెండును ఒక్క కాగితముమీద వ్రాయబడిన కాలము కలదు. 1822 జూన్ 25వ తేదీన చెన్నరాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాలలో బళ్లెన్ని, చదువుకొను పిల్లలెందరు, ఏమి చదువుచున్నారు అని కలెక్టర్లను అడుగవలెనని నిర్ణయించెను. జవాబులన్నియు చేరుటకు ఏండ్లు పట్టినది. 1826 మార్చినాటి మన్రో వ్రాతప్రకారము రాజధానియందలి 1,28,50,941 జనములో బళ్లు 12,498, చదువుకొనువారు 1,88,650. కలెక్టర్లలో పెక్కురు పట్టిక నింపి పంపి చేతులు దులుపుకొనిరి. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ అట్లు చేయలేదు. ఈయన 1816లోనే తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసినవాడు. భాష తెలిసినవాడు గావున బడిలో కూర్చున్నపుడు వినబడునదేమో ఆయనకు తెలిసినది. 1823 ఆగస్టున ఆయన పంపిన నివేదిక నేటి మన ప్రాజెక్టు పత్రములకు ఒజ్జబంతి కాదగినది.

అందు లెక్కలు గలవు. జిల్లా జనాభా 9,27,857. బళ్లు 533. అందు తెలుగుబళ్లు 226, కన్నడబళ్లు 235, మరాఠీ 23, సంస్కృతము 23, పారసీకము 21, అరవము 4, ఇంగ్లీషు 1. పిల్లలు 6,641 మంది. అనగా వేయిమందికి ఏడుగురు చొప్పున. లెక్క ముగిసిన తరువాత ఆయన నిలువక, పిల్లవాడు బడిలో ఎట్లు చేరునో వర్ణించెను. అయిదవయేట పిల్లవానిని బడిలో వేయునాడు అయ్యవారిని, ఆ బడిపిల్లలనందరను ఇంటికి పిలుతురట. వినాయకుని ప్రతిమచుట్టు అందరు కూర్చుండగా, క్రొత్తపిల్లవానిని దేవునికెదురుగా కూర్చుండబెట్టి, ధూపము వేసి, ప్రార్థన చెప్పించి, బియ్యములో వానివ్రేలు పట్టి అక్షరములు దిద్దింతురట. ఇది మనకు క్రొత్త గాదు. నేటికిని బాసర జ్ఞానసరస్వతి సన్నిధిని జరుగుచున్న అక్షరాభ్యాసమును ఎరుగనివారెవరు? గమనింపదగినదేమన, కలెక్టరు ఆ వేడుకను విద్యానివేదికలో చేర్చెను. బడిలో చేరుట ఆ యూరికి పండుగ గనుక, ఆ పండుగ చెప్పక చేరిక చెప్పుట ఆయనకు కుదరలేదు.

ఆయన మెప్పుమాటలతో పొట్టనింపలేదు సుమా. పిల్లలు అసంఖ్యాకముగ పద్యములు వల్లింతురుగాని కావ్యభాషలోని వాని యర్థము నేర్చిన చిలుకకంటె ఎక్కువ ఎరుగరని నిష్ఠురముగ వ్రాసెను. బళ్లు క్షీణించుటకు కారణము వెదకుచు, జనులు పేదలగుటయే ముఖ్యకారణమని కనుగొనెను. సీమబట్ట వచ్చి మగ్గములను నిలిపివేసినది. దండులు దూరపు సరిహద్దులకు తరలిపోయినవి. బిడ్డలు పనిచేసిననేగాని గడవని యిండ్లు పెరిగినవి. 533 బళ్లలో ఒక్కదానికైనను సర్కారు కాసు ముట్టుట లేదని వ్రాయుటకు సిగ్గుపడుచున్నాననియు అన్నాడు. కంపెనీ కొలువులోనుండి, కంపెనీకే యీ మాట చెప్పినవాడు!

మన జాతీయోద్యమమునకు ఈ కాగితములు ఎంత పనికివచ్చినవో చదువరులకు జ్ఞాపకము చేయుట అనవసరము కాదు. 1931 అక్టోబరు 20న లండనునందు గాంధీమహాత్ముడు, యేబది నూరేండ్ల క్రిందటికంటె భారతదేశమున అక్షరాస్యత తగ్గినదని పలుకగా, సర్ ఫిలిప్ హార్టాగ్ ఆధారము చూపుమని పట్టుపట్టెను. ఆ వాదము ఉత్తరములుగను పుస్తకముగను 1939 వరకు సాగినది. 1983లో ధర్మపాల్ గారు ఆ కలెక్టర్ల నివేదికలను గ్రంథముగ ప్రకటించిన పిమ్మట, ఇరుపక్షములవారును ఎత్తిచూపునది ఆ పట్టికలనే. జిల్లాజిల్లాకు కూర్చుండి ఎవరో పిల్లలను లెక్కింపకున్నచో, వాదించుకొనుటకైన మనకు ఆధారము మిగిలియుండదు. అయితే ఆ పట్టికలను మన గొప్పకే వాడుకొని తక్కినది దాచుట న్యాయము కాదు. బళ్లారిలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. నూటికి ఒక్కరైనను లేరు. బడి వాకిలికే రానీయబడని కులములవారి బిడ్డలనుగూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వపు బడిని స్తుతించు పత్రమున ఈ 60 కనబడనిచో ఆ పత్రము సగము వ్రాసినదని మేమందుము.

వీథిబళ్ల కాలమున బడి లెక్కను ఊరంతయు కన్నులార చూచు దిన మొకటి యుండెడిది. దసరా వచ్చినదనిన అయ్యవారు పిల్లలకు కొత్తబట్టలు కట్టించి, రంగుకాగితములు చుట్టిన విల్లంబులు చేతికిచ్చి, వరుసగా ఇంటింటికి తీసికొనిపోయెడివారు. పిల్లలు బుక్కా చల్లుచు పద్యములు పాడెడివారు. గృహస్థులు అయ్యవారికి శక్తికొలది రూకలో ధోవతులో, పిల్లలకు పప్పుబెల్లములో ముట్టజెప్పెడివారు. అది వేడుకయు నగును, అయ్యవారి జీతమునగును, ఊరి బడిలో ఎందరు చదువుచున్నారో, ఏయింటి పిల్లవాడు ఈయేడు మానివేసెనో అందరకు తెలియజేయు బహిరంగపు హాజరుపట్టీయు నగును. ఆ వరుసలో లేనివారెవరో కూడ ఆనాడే తెలియుచుండెను. తెలిసినను ఊరు పట్టించుకొనలేదు, అది వేరుమాట. ఇప్పుడు అయ్యవారికి ప్రభుత్వము జీతమిచ్చుచున్నది, అది మంచిదే. పండుగమాత్రము సెలవులకు ముందునాడు బడి యావరణలో జరిగి, ఫోటోలుగా పైయధికారులకు చేరి, ముగియుచున్నది.

కాంప్‌బెల్ నాటి బళ్లారిజిల్లాలోని ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమున చేరి నేడు కర్నూలుజిల్లాలో నున్నవి. అచ్చటి పండుగ యొకటి యేటేట పత్రికల కెక్కుచునే యుండును. హొళగుంద మండలము దేవరగట్టు కొండమీద విజయదశమి రాత్రి జరుగు మాళమల్లేశ్వరస్వామి బన్ని యుత్సవమది. నెరణికి, నెరణికి తాండా, కొత్తపేట గ్రామములవారు ఉత్సవమూర్తులను కాపాడ పూనుకొనగా, చుట్టుప్రక్కల ఊళ్లవారు కఱ్ఱలు బూని యెదురగుదురు. తలలు పగులును. పోలీసులు బారులు తీరుదురు. మరునాడు గాయపడినవారి సంఖ్య అచ్చుపడును. మన విద్యార్థుల పత్రములలో ఇది శౌర్యమునకు, సంప్రదాయమునకు నిదర్శనముగ నొకచోటను, మౌఢ్యమునకు నిదర్శనముగ నింకొకచోటను వ్రాయబడును. రెండు విధములుగ వ్రాసినవారును ఆ కొండ దిగివచ్చిన పిల్లలు మరునెల ఎక్కడ నుందురో విచారింపరు.

విచారించినచో తెలియును. కోసిగి, మంత్రాలయము, పెద్దకడబూరు, కౌతాళము ప్రాంతములలో నేల వర్షాధారము. ఖరీఫు పైరు చేతికివచ్చిన తరువాత పని యుండదు. సంక్రాంతికి ముందో వెనుకనో కుటుంబములకు కుటుంబములు మూటలు గట్టుకొని గుంటూరు, పల్నాడు సీమలకు మిరపకోతలకు తరలిపోవును. ముసలివారు ఇంట మిగులుదురు. పిల్లలు తల్లిదండ్రుల వెంట పోవుదురు. చేతనైన పిల్ల కాయలు కోయును, చేతకాని పిల్ల చంటిబిడ్డను చూచుకొనును. కోతలు ముగిసి ఇల్లు చేరునప్పటికి పరీక్షలకాలము సమీపించియుండును. ఇట్టి పిల్లల నిమిత్తము ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లు తెరచినది. అవి సకాలమున తెరచిన యేడు కొందరు నిలుతురు, ఆలస్యమైన యేడు బండి యెక్కిపోవుదురు. రెండువందల యేండ్ల క్రిందట మగ్గము నిలిచి బిడ్డను బడి మాన్పించినది. నేడు ఆ సీమలోనే చినుకు నిలిచి మాన్పించుచున్నది. కాంప్‌బెల్ వ్రాసిన కారణమును నేటి విద్యార్థి క్రొత్తగా కనుగొననక్కరలేదు, తన యూరిలో సరిచూచుకొనిన చాలును.

ఈ పిల్లలు ప్రభుత్వపు లెక్కలో ఎక్కడ నున్నారు? ఇచ్చటనే మన పత్రములు తప్పుదారి పట్టుచున్నవి. దేశమందలి బళ్ల లెక్కలు సెప్టెంబరు 30 నాటి స్థితినిబట్టి వ్రాయుట చిరకాలము నడచిన వాడుక. సెప్టెంబరు 30 అనగా తరచుగా దసరాకు ముందు. దేవరగట్టు కఱ్ఱ లేవకముందు, మిరపకాయ పండకముందు తీసిన లెక్కలో కోసిగి పిల్ల బడిలోనే యుండును. ఫిబ్రవరిలో ఆ పిల్ల పల్నాటి చేనిలో నున్నను పట్టికలోని అంకె కదలదు. చేరిక వేరు, హాజరు వేరు. పట్టికను ఎత్తివ్రాయు విద్యార్థికి ఈ భేదము ఎన్నటికిని తెలియదు. సంక్రాంతి పిమ్మట ఒక్కమారు బడి వసారాలో నిలిచి తలలు లెక్కించినవానికి అరగంటలో తెలియును.

దేశపు పెద్దయంకెల మాటయు చెప్పవలసియున్నది. అవియే పత్రములన్నిట తిరుగుచున్నవి గనుక. యూడైస్ ప్లస్ అను పేరుగల కేంద్రప్రభుత్వపు లెక్కప్రకారము 2021-22లో బళ్లలోని పిల్లలు 26 కోట్ల 52 లక్షలు. 2022-23లో 25 కోట్ల 17 లక్షలు. 2023-24లో 24 కోట్ల 80 లక్షలు. 2024-25లో 24 కోట్ల 69 లక్షలు. మూడేండ్లలో కోటి యెనుబదిమూడు లక్షలు తగ్గినవి. ఇది చూచి ఒక విద్యార్థి, జనులకు చదువుమీద ఆసక్తి సన్నగిల్లినదని వ్రాయును. దానిని నూర్గురు ఎత్తివ్రాతురు. కాని 2022-23 నుండి లెక్కించు విధానమే మారినది. అంతకుముందు బడి మొత్తముగా సంఖ్య చెప్పెడిది. ఆ యేటినుండి ప్రతి పిల్లవానిని పేరుపేరున నమోదు చేయుచున్నారు. రెండు బళ్లలో పేరున్న పిల్లవాడు ఒక్కడేయని తేలును, పేరుమాత్రముండి తాను లేనివాడు రాలిపోవును. కావున ఆ యేటికి ముందరి యంకెను వెనుకటి యంకెతో సూటిగా పోల్చుట సరికాదని ప్రభుత్వమే చెప్పుచున్నది. ఇది గాక పుట్టుకలే తగ్గినవి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేప్రకారము ఒక స్త్రీకి సగటున కలుగు సంతానము ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. ఊరిలో బిడ్డలే తక్కువగ పుట్టినపుడు బడిలో బల్లలు ఖాళీగనుండుట వింత కాదు. ప్రయివేటుబడి బస్సెక్కి పోవువారు ఒక కారణము, పుట్టనివారు ఒక కారణము, వలసపోవువారు ఒక కారణము, కాగితముమీద మాత్రమే యుండినవారు ఒక కారణము. ఏయూరిలో ఏది యెంతయో పెద్దయంకె చెప్పజాలదు.

ఇది విద్యార్థుల మార్కులతో ముగియు వ్యవహారమైనచో మేమింత వ్రాయము. ఈ యంకెలనుబట్టియే బళ్లు నిలుచుచున్నవి, మూతబడుచున్నవి. 2024-25లో ఒక్క పిల్లవాడైనను చేరని బళ్లు దేశమున 7,993 ఉండగా, అందు 2,245 తెలంగాణమునందే యున్నవి. ఒకే ఉపాధ్యాయుడుగల బళ్లు దేశమందు లక్షకు మించగా, అందు 12,912తో ఆంధ్రప్రదేశము ప్రథమస్థానమున నున్నది. ఈ ప్రథమస్థానమునకు సంతోషించువారెవరు? 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు అనుబంధమున, అరువదిమందివరకు పిల్లలున్న ప్రాథమికపాఠశాలకైనను ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని యున్నది. ఒక్కరే యున్న బడిలో ఆ యొక్కరు సెలవు పెట్టిననాడు బడికే సెలవు. అది చూచి తల్లిదండ్రులు పిల్లలను మాన్పింతురు. పిల్లలు తగ్గిరని రెండవ యుపాధ్యాయుని ఇయ్యరు. 2022లో ఆంధ్రప్రదేశమున మూడు, నాలుగు, అయిదు తరగతులను ప్రాథమికపాఠశాలనుండి తీసి ఉన్నతపాఠశాలలో కలుపుటకు ఉత్తర్వు వెలువడి, మూడేండ్లు తల్లిదండ్రులు అలజడిపడిన పిమ్మట 2025లో ఉపసంహరింపబడినది. ఉత్తర్వు నిచ్చినవారియొద్ద అంకెలున్నవి. వలదన్న ఊరివారియొద్ద ఆవేదన యున్నది, అంకెలు లేవు. మా వాడనుండి ఆ బడికి నడుమ వాగున్నది, శ్రావణభాద్రపదములలో ఇందరు పిల్లలు దాటలేకపోయిరి అని తారీఖులతో వ్రాసి చూపగలిగిన ఊరు అరుదు. ఆ కాగితము తయారుచేయగల చేతులు ఆ యూరి కళాశాల విద్యార్థులవే. ఆ చేతులు ఎవరిదో పత్రమునకు తన ఊరిపేరు అతికించుచున్నవి! రేపు వారిలో కొందరు ఉపాధ్యాయులగుదురు, కొందరు మండల విద్యాకార్యాలయమున గుమాస్తా లగుదురు. నేడు చూడని బడిని వర్ణించినవాడు రేపు రాని పిల్లవానికి హాజరు వేయుటకు ఎంతో జంకడు.

కావున విద్యార్థులకు మా మనవి, వారికి మార్కులు వేయు పెద్దలకు అంతకంటె గట్టి మనవి. రాష్ట్రమంతటినిగూర్చి వ్రాయవలదు, మీ వాడ బడినిగూర్చి వ్రాయుడు. ప్రతిబడియందును ప్రవేశనిర్గమముల పుస్తకము ఉండును. పిల్లవాడు చేరిన తేదీ, పుట్టిన తేదీ, మాతృభాష, అంతకుముందు చదివిన బడి, విడిచిన తేదీ, విడుచుటకు కారణము అందు వ్రాసియుందురు. కారణము వ్రాయవలసిన గడి పెక్కుచోట్ల ఖాళీగనుండును. ఆ ఖాళీ యెంతయో లెక్కించుటయు నొక పనియే. మాతృభాష గడినిబట్టి ఆదోని ప్రాంతమున కన్నడమువారెందరో, తాండాలలో లంబాడి మాటాడువారెందరో, వారిలో ఏ తరగతిదాక నిలిచినవారెందరో తేలును. పిల్లల పేర్లు ఎత్తి వ్రాయరాదు, సంఖ్య చాలును. దసరాకు ముందు ఒకమారు, సంక్రాంతి పిమ్మట ఒకమారు హాజరు చూడుడు. నడుమ మీ యూరి పండుగను వర్ణింపుడు; పురాణకథ రెండు వాక్యములలో ముగించి, జాతరకు ఎవరెవరు ఎచ్చటనుండి తిరిగివచ్చిరి, ఎన్నాళ్లుండిరి, ఏనాడు మరల బయలుదేరిరి, వెంట పిల్లలను తీసికొనిపోయిరా అని అడిగి వ్రాయుడు. పాలమూరు నుండి బొంబాయి, పూనా పోవువారు పీర్లపండుగకో దసరాకో ఇల్లు చేరుదురు. వారితో మాటాడుటకు అంతకంటె మంచిదినము దొరకదు.

అప్పుడు ఇచ్చిపుచ్చుకొనుటకు అర్థమేర్పడును. కోసిగిలోని విద్యార్థి వెడలిపోయినవారిని లెక్కించును; నరసరావుపేటలోని విద్యార్థి వచ్చి మిరపచేలలో దిగినవారిని లెక్కించును. ఒకరి పత్రము లేక రెండవది పూర్తికాదు. కోసిగి బడినుండి జనవరిలో కనుమరుగైన పిల్ల పల్నాటిలో ఏదైన బడికి పోవుచున్నదా యను ప్రశ్నకు ఒకచోట కూర్చుండి జవాబు చెప్పుట సాధ్యము కాదు. వాట్సాపు అప్పుడు సత్కార్యమునకు పనికివచ్చును. ఆంధ్రప్రదేశపు డిగ్రీ కళాశాలలలో సమాజసేవా ప్రాజెక్టు యేర్పాటు ఉండనే యున్నది. క్రొత్త పథకము కోరుట లేదు, ఉన్నదానిని నమ్మకముగ నడపుమని కోరుచున్నాము.

ఉపాధ్యాయులకు కొంత భయముండును. పుస్తకము చూపినచో తమ లోపములు వెల్లడియగునని ప్రధానోపాధ్యాయుడు వెనుదీయవచ్చును. ఒక్కడే యుండి అయిదు తరగతులు నడపువానిని నిందించుటకు ఎవరును పోవుట లేదు. వాని కష్టమే ముందుగ లెక్కకెక్కును. జిల్లా విద్యాధికారులు ఒక్క ఉత్తర్వుతో ఈ భయము తీర్పగలరు. ఇక మార్కుల మాట. ముప్పది పుటల రంగుపటములకు పందొమ్మిది మార్కులును, నాలుగుపుటలలో తాను చూచిన ముప్పదియిద్దరు పిల్లల సంగతి వ్రాసినవానికి తొమ్మిది మార్కులును పడుచున్నంతకాలము బుద్ధిగల విద్యార్థి ఎత్తివ్రాతనే యెన్నుకొనును. వానిని తప్పుపట్టుట మాకు చేతకాదు. "ఇది నీకెట్లు తెలిసినది?" అని ప్రతిపుటకు ఒక ప్రశ్న వేసినచో నకలు వానంతట వెలితిపడును.

మార్కులు వేసిన తరువాత ఈ పత్రముల గతి యేమో చదువరులు ఎరుగుదురు. బీరువాలో ఒక యేడు, మూలను ఒక యేడు, పిమ్మట తూకమునకు పాతకాగితముల యంగడికి. 1823 నాటి కాంప్‌బెల్ కాగితము చెన్నపట్టణపు దస్త్రములలో నిలిచినది గనుకనే గాంధీగారి కాలమున వాదమునకు వచ్చినది, మన కాలమున అచ్చుపడినది. ప్రతిపత్రమునకు మూడు ప్రతులు తీయించుట భారము కాదు. ఒకటి లెక్కించిన బడికే ఇయ్యవలెను. మరుసటియేడు వచ్చు విద్యార్థి దానిపై తన యంకె చేర్చును. ఒకటి శాఖా గ్రంథాలయమునకు పోవలెను. మూడవది, సెప్టెంబరు లెక్కతోబాటు ఫిబ్రవరి లెక్కయు ప్రక్కప్రక్కన వ్రాసి, సీజనల్ హాస్టలు ఏ తేదీకి తెరవవలెనో సూచించి, పైరు కోతకు రాకముందే మండల విద్యాధికారి చేతికి ఇచ్చి రశీదు తీసికొనవలెను.